స్కాటిష్ కంట్రీ డాన్స్ క్లాసు నన్ను నడపమంటున్నారు, టీచర్ సర్టిఫికెట్ లేదు. ఒప్పుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. పెర్త్‌షైర్‌లో ఒక చిన్న ఊళ్లో ఉంటున్నారు. నాలుగేళ్లుగా బుధవారం సాయంత్రం కంట్రీ డాన్స్ (జంటలు వరసల్లో ఎదురెదురు నిలబడి ఆడే స్కాట్లండ్ బృంద డాన్స్) క్లాసుకు వెళ్తున్నారు. మీ టీచరమ్మకు మోకాలి ఆపరేషన్ ఉంది. ఆమె తిరిగి వచ్చేదాకా ఆరు వారాలు క్లాసు చూసుకోమని కమిటీ వాళ్లు మిమ్మల్ని అడిగారు. పట్టా లేదు, సంగీతం చదువుకోలేదు, పైగా మన యాస వాళ్లకు అర్థమవుతుందో లేదోనని టెన్షన్.

ఒప్పుకోండి. అయితే మీ టీచరమ్మ చేసినట్టు చేయాలని మాత్రం చూడకండి. ఈ ఆరు వారాలూ మీకు బాగా తెలిసిన డాన్సులే పెట్టుకోండి. తక్కువ మాట్లాడండి, మ్యూజిక్ త్వరగా వేయండి.

నాది రాజమండ్రి. పెళ్లయ్యాక స్కాట్లండ్ వచ్చాను. ఫైఫ్‌లో ఒక చర్చి హాల్లో పదమూడేళ్లుగా సోమవారం క్లాసు తీసుకుంటున్నాను. మొదటి రెండేళ్లు నాకూ పట్టా లేదు. మా పాత టీచరు కొడుకు దగ్గరికి ఇంగ్లండ్ వెళ్లిపోతే, క్లాసు మూతపడుతుందన్న భయంతో నాకు అంటగట్టారు, అంతే.

ఊరి క్లాసు నేర్పాలంటే పట్టా ఉండి తీరాలన్న రూలు లేదు. రాయల్ స్కాటిష్ కంట్రీ డాన్స్ సొసైటీ టీచర్లకు పరీక్షలు పెడుతుంది. దాని బ్రాంచీల్లో కొన్ని పట్టా ఉన్నవాళ్లనే తీసుకుంటాయి. మీది సొసైటీకి అనుబంధంగా ఉన్న విడి గ్రూపు అన్నారు కాబట్టి నిర్ణయం మీ కమిటీదే. ఇన్సూరెన్స్ ఎవరి పేరు మీద ఉంది, పట్టా లేనివాళ్లు నేర్పినా అది వర్తిస్తుందా అని మాత్రం సెక్రటరీని ముందే అడగండి. ఎవరి చీలమండో బెణికాక అడిగే ప్రశ్న కాదది.

తక్కువ మాట్లాడమని ఎందుకంటున్నానో నా అనుభవం చెప్తాను. నేను క్లాసు మొదలుపెట్టిన కొత్తలో ఒక పెద్దాయన చూడటానికి వచ్చారు. ముప్ఫై ఏళ్లు నేర్పి మానేసిన మనిషి. మూల కుర్చీలో కూర్చుని చేతి గడియారం విప్పి ఒళ్లో పెట్టుకున్నారు. టీ విరామంలో నా దగ్గరికొచ్చి, "నలభై నిమిషాలైంది, మ్యూజిక్ మోగింది పదకొండు నిమిషాలు" అన్నారు. ఇంకేమీ అనలేదు. మిగతా ఇరవైతొమ్మిది నిమిషాలూ నేనే మాట్లాడానన్నమాట! జనం పాపం కాళ్లు మార్చుకుంటూ, చల్లటి హాల్లో చేతులు రుద్దుకుంటూ విన్నారు. రోజంతా ఆఫీసులో మాటలు విని విని వచ్చినవాళ్లు వాళ్లు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. డాన్స్ ఎలా నడుస్తుందో రెండు మూడు వాక్యాల్లో చెప్తాను. ఒకసారి నడిపిస్తాను. కష్టమైన ముక్క ఉంటే అదొక్కటే మళ్లీ నడిపిస్తాను. వెంటనే మ్యూజిక్ వేస్తాను. తప్పులు జరగనివ్వండి. 32 బార్ల (తాళంలో ఒక్కో చిన్న ముక్క ఒక బార్) రీల్, అంటే వేగంగా సాగే డాన్స్, ఎనిమిది సార్లు తిరిగేసరికి నాలుగున్నర నిమిషాలు పడుతుంది. మూడో తిరుగుడుకల్లా సగం తప్పులు వాటంతటవే సర్దుకుంటాయి. సర్దుకోనివి ఏవో అప్పుడు కనిపిస్తాయి, వాటి గురించే మాట్లాడండి.

డాన్సుల ఎంపిక. మీరు అన్ని స్థానాల్లోంచీ ఆడిన డాన్సులు మాత్రమే పెట్టండి. మొదటి జంటగా ఆడటం వేరు, మూడో జంటగా పక్కనుండి సాయం చేయడం వేరు. ఎవరైనా చెయ్యెత్తి "మూడో లేడీ ఇప్పుడు ఎటు చూడాలి?" అని అడిగితే కాగితం వెతుక్కోకూడదు. నెట్‌లో వేలకొద్దీ డాన్సుల సంక్షిప్త సూచనలు దొరుకుతాయి, కొత్తది చూడగానే మనసు లాగుతుంది. ఈ ఆరు వారాలూ ఆ జోలికి పోవద్దు.

అన్నిటికంటే ముందు తలల లెక్క ఆలోచించాలి. నన్ను ఎక్కువ ఏడిపించింది అదే. ఎనిమిదిమంది వస్తారనుకుంటే పదకొండుమంది వస్తారు. పద్నాలుగుమంది వస్తారనుకున్న రోజు మంచు పడి ఆరుగురే వస్తారు. అందుకే ప్రతి వారం మూడు జంటల సెట్‌కు (కలిసి ఒక గుంపుగా ఆడే జంటలను సెట్ అంటారు) రెండు డాన్సులు, నాలుగు జంటలకు మూడు, అయిదు జంటలకు ఒకటి, హాలంతా గుండ్రంగా ఆడేది ఒకటి రాసుకుని వెళ్తాను. మొదటి రాత్రికి డాషింగ్ వైట్ సార్జెంట్ పెట్టుకోండి. ముగ్గురు ముగ్గురుగా ఎదురెదురు నిలబడి, ఆరుగురు చేతులు పట్టుకుని ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిరిగేది. ఇక్కడ క్రిస్మస్ ముందు బళ్లల్లో పిల్లలకు పీటీ క్లాసులోనే నేర్పిస్తారు కాబట్టి స్కాట్లండ్‌లో పెరిగినవాళ్ల కాళ్లకు అది గుర్తుండే ఉంటుంది. మీరు నోరు విప్పకుండానే సగం క్లాసు మీకు సాయం చేస్తుంది.

బేసి సంఖ్య వస్తే మీరు ఆడాల్సి వస్తుంది. ఆడండి, కానీ నాలుగో జంటలో నిలబడండి. మొదటి తిరుగుడులో నాలుగో జంటకు పని ఉండదు కాబట్టి హాలు మొత్తం చూడొచ్చు.

కొత్తవాళ్లను ఎక్కడ నిలబెట్టాలన్నదీ దీనికి ముడిపడిన విషయమే. వాళ్లు మొహమాటానికి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ నిలబడతారు, అది చాలాసార్లు సెట్ పైభాగమే (మ్యూజిక్, టీచరు ఉండే వైపు) అవుతుంది. పాతవాళ్లు చల్లగా కిందికి జారిపోతారు మరి. మ్యూజిక్ మొదలవగానే డాన్స్ అంతా మోయాల్సింది ఆ మొదటి జంటే. కొత్తవాళ్లను మూడు, నాలుగు స్థానాలకు పంపండి. నాలుగు జంటల సెట్‌లో మూడు జంటల డాన్స్ ఆడితే ఒక్కో జంట రెండేసి సార్లు ముందుండి ఆడుతుంది. నాలుగో జంట వంతు ఏడో తిరుగుడులో గానీ రాదు, అంటే అప్పటికి ఆరుసార్లు చూసి ఉంటారు. ఒక్కటే చిక్కు, సెట్ అడుగున ఉన్నవాళ్లు టీచరుకు దూరంగా ఉంటారు. అందుకే నేను అప్పుడప్పుడు హాలు కింది చివరకు వెళ్లి అక్కణ్ణుంచి చెప్తాను.

ఇంకొకటి. రెండుసార్లు ఆడేసిన జంట నాలుగో జంట వెనకనుంచి అడుగుకు జారాలి. దీన్ని ప్రతి క్లాసులో ఎవరో ఒకరు మర్చిపోతారు. అక్కడ ఆగిపోతే కొత్త జంటకు చోటుండదు, సెట్ మొత్తం గడ్డకట్టుకుపోతుంది. రెండో తిరుగుడు చివర్లో "కిందికి!" అని ఒక్క మాట అరవండి, చాలు.

ఎప్పుడు చెప్పాలి. ఏం చెప్పామన్న దానికంటే ఇదే ముఖ్యం. మ్యూజిక్ ఎనిమిదేసి బార్ల ముక్కలుగా నడుస్తుంది. మీరు తర్వాతి కదలిక పేరు ఎనిమిదో బార్ అయిపోయాక చెప్తే అప్పటికే ఆలస్యం. ఏడో బార్ మీద చెప్పాలి. "హ్యాండ్స్ అక్రాస్" (మధ్యలో చేతులు కలిపి చక్రంలా తిరగడం) అన్న మాట ఏడో బార్‌లో పడితే ఎనిమిదో బార్‌లో చేతులు లేస్తాయి, కొత్త ముక్క మొదటి బీట్‌కు అందరూ కదులుతారు. ఇంట్లో వంట చేస్తూ ఏదైనా రీల్ పెట్టుకుని ఏడో బార్ మీద గరిటెతో గిన్నె మీద కొట్టడం ప్రాక్టీస్ చేయండి. నేను నెల రోజులు చేశాను, మా ఇంట్లోవాళ్లు భరించారు. సంగీతం చదువుకోలేదన్న దిగులు మీకక్కర్లేదు. కోలాటంలో పాట ఎక్కడ మలుపు తిరుగుతుందో పట్టుకుని కోలలు మార్చేవాళ్లలో సంగీతం చదివినవాళ్లు ఎంతమంది?

యాస సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. అకార్డియన్ మోగుతుంటే వాళ్లకు మీ యాస వినపడదు. మాట సమయానికి పడిందా లేదా అన్నదే చెవికెక్కుతుంది. కాకపోతే పొడుగు వాక్యాలు వద్దు. అన్నట్టు ముఖ్యమైన స్టెప్ ఒకదానికి ఫ్రెంచి పేరు ఉంది, పా ద బాస్క్ అని. దాన్ని స్కాట్లండ్‌లో "పాడిబా" అంటారు. ఫ్రాన్స్ వాళ్లు వింటే గుర్తుపట్టరు. యాస గురించి ఎవరూ ఎవరికీ చెప్పే స్థితిలో లేరిక్కడ.

కార్నర్లు (మధ్యలో ఆడే జంటకు ఏటవాలుగా మూలల్లో నిలబడేవాళ్లు) ఎలా నేర్పాలని విడిగా అడిగారు. మీరే కాదు, పదేళ్లు ఆడినవాళ్లు కూడా మొదటి కార్నర్ ఎవరంటే ఒక్క క్షణం తడబడతారు. నేను చెప్పేది ఇంతే: మధ్యలో మొదటి జంట ఇద్దరూ వీపు వీపు చేసి, ఎవరి ఎదుటి వరసను వాళ్లు చూస్తూ నిలబడండి. కుడిచేతి వైపు కనిపించే మనిషి మొదటి కార్నర్, ఎడమచేతి వైపు మనిషి రెండో కార్నర్. మాటల్లో చెప్పి వదిలేయకుండా చెయ్యి చాపి చూపించమనండి. కార్నర్లో ఉన్నవాళ్లను కూడా తిరిగి చెయ్యి చాపమనండి. చెయ్యి కనబడితే కాలు అటే పోతుంది.

ఇది నేర్పడానికి నేను ఎప్పుడూ వాడేది రీల్ ఆఫ్ ద 51స్ట్ డివిజన్. కథ కూడా చెప్తాను, ఎందుకంటే కథ వింటే ఆకారం గుర్తుంటుంది. 1940 జూన్‌లో ఫ్రాన్స్‌లో 51వ హైలాండ్ డివిజన్‌లో చాలామంది జర్మన్లకు పట్టుబడ్డారు. వాళ్లలో కొందరు బవేరియాలో లౌఫెన్ అనే చోట యుద్ధఖైదీల శిబిరంలో ఉండగా కూర్చిన డాన్స్ ఇది. 1945లో సొసైటీ తన 13వ పుస్తకంలో అచ్చేసింది. ఇందులో మొదటి జంట మొదటి కార్నర్లను తిప్పి, వాళ్లతో చేతులు కలిపి నలుగురూ ఏటవాలుగా ఒక గీతలా నిలబడతారు. తర్వాత రెండో కార్నర్లతో అటువైపు ఏటవాలు గీత. రెండూ కలిపితే స్కాట్లండ్ జెండా మీది సెయింట్ ఆండ్రూ శిలువ. ఈ మాట ముందే చెప్పి "జెండా గీయండి" అంటే మొదటిసారి ఆడేవాళ్లు కూడా గీత వంకర పోనివ్వరు.

పూసెట్ (రెండు జంటలు ఎవరి జోడీ చేతులు వాళ్లు పట్టుకుని, ఒకరి చుట్టూ ఒకరు తిరిగి స్థానాలు మార్చుకునే కదలిక) జోలికి ఈ ఆరు వారాల్లో పోకపోవడమే మంచిది. తప్పదనుకుంటే నా చిట్కా చెప్తాను. నేను నేర్చుకున్నప్పుడు ఇంగ్లీషు మాటలు బుర్రకెక్కక తెలుగులో కట్టుకున్నాను, ఒక్కో బార్‌కు ఒక్కో మాట: "బయటికి, పావు, పైకీ-కిందికీ, పావు, లోపలికి, సగం, వెనక్కి, వెనక్కి." పైకీ-కిందికీ అన్నచోట ఒక జంట పైకి, ఇంకో జంట కిందికి పోతుంది, స్థానాలు మారేది అక్కడే. ఇప్పటికీ మనసులో అలాగే లెక్కపెట్టుకుంటాను. నేల మీద మాస్కింగ్ టేపుతో చిన్న చతురస్రం వేసి దాని అంచుల వెంబడి నడిపిస్తే సులువు. టేపు తర్వాత పీకేయండి, హాలు కేర్‌టేకర్లకు కోపం ఎక్కువ.

స్ట్రాత్‌స్పే అనే రకం డాన్సుల విషయంలో ఒక హెచ్చరిక. నెమ్మదిగా ఉంటుంది కదా, కొత్తవాళ్లకు సులువని అనుకుంటాం. కాదు. రీల్‌లో తప్పు చేస్తే వేగంలో కొట్టుకుపోతుంది, స్ట్రాత్‌స్పేలో అందరికీ కనిపిస్తుంది. పైగా ఎనిమిది తిరుగుళ్లది ఎనిమిది నిమిషాల పైనే సాగుతుంది. మోకాళ్లు, పిక్కలు మండిపోతాయి. మొదట్లో మూడు జంటల సెట్‌లో మూడు తిరుగుళ్లది ఒకటి పెట్టండి. "స్టెప్, క్లోజ్, స్టెప్, త్రూ" అని మీరే మెల్లగా పలుకుతూ హాలు చుట్టూ ఒకసారి నడిపించి మొదలుపెట్టండి. మొదటి పది నిమిషాలు పిక్కలూ మడమలూ వేడెక్కించడం మర్చిపోవద్దు. నవంబరులో చర్చి హాలు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక మీరు రాయకపోయినా నాకు తెలిసిన భయం ఇంకోటి ఉంది. సెట్‌లో రెండో టీచరు. ప్రతి క్లాసులో యాభై ఏళ్లుగా ఆడుతున్నవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. మీరు చెప్తుండగానే పక్కన కొత్తమ్మాయి భుజం పట్టి తిప్పేస్తారు. మంచి ఉద్దేశంతోనే. ఆ పిల్లకు మాత్రం రెండు గొంతులు వినిపించి ఏదీ అర్థం కాదు. మా క్లాసులో అలాంటి పెద్దావిడను నేను మొదట్లో అందరి ముందూ ఆపాను. అది పొరపాటు. ఆమె నాలుగు వారాలు రాలేదు, ఆమెతో కారులో వచ్చే ఇద్దరూ రాలేదు. తర్వాత ఇంటికి వెళ్లి పిలుచుకొచ్చి, "మీరు కొత్తవాళ్ల ఎదురుగా నిలబడి, నోటితో కాకుండా కళ్లతోనూ చేత్తోనూ చూపించండి" అని పని అప్పజెప్పాను. ఇప్పుడు ఆమె అంత బాగా నేను కూడా చూపించలేను. మీరు క్లాసుకు ముందే ఫోన్ చేసి సాయం అడగండి.

పాదాలు ఎంత పట్టించుకోవాలి అన్నారు. ఈ తగువు సొసైటీ పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. 1923 నవంబరులో గ్లాస్గోలో దాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో జీన్ మిల్లిగన్ ట్రైనింగ్ కాలేజీలో వ్యాయామం నేర్పిన మనిషి. ఇంకొకరు ఇసబెల్ స్టూవర్ట్, గర్ల్ గైడ్స్ పిల్లల కోసం పాత డాన్సులకు పుస్తకం కావాలనుకున్న ఆవిడ. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఈ డాన్సులు మరుగున పడిపోతున్నాయని వాటిని పోగుచేసి, అడుగులకు ఒక తీరు పెట్టారు. ఆ తీరు లేకపోతే ఈ రోజు టోక్యోలోనూ టొరంటోలోనూ ఒకే డాన్స్ ఒకేలా ఆడటం కుదిరేది కాదు. అదే తీరు పట్టుకుని కాలివేళ్లు సాగలేదని అరవై ఏళ్లావిణ్ణి చిన్నబుచ్చే టీచర్లనూ చూశాను. నా మాట అడిగితే ఊరి క్లాసులో సమయానికి సరైన చోట ఉండటం ముందు, ఎదుటి మనిషి చెయ్యి అందుకుని మొహం చూడటం తర్వాత, పాదం మూడోది. అలాగని పాదాన్ని వదిలేయకండి. స్కిప్ చేంజ్ అనే స్టెప్‌లో ముందుకు గెంతడం రాకపోతే మనిషి సమయానికి చేరలేదు. వారానికి ఒక్క స్టెప్, అయిదు నిమిషాలు, వార్మప్‌లోనే కలిపేయండి.

ఆరు వారాలయ్యాక మీకు ఇష్టం పుడితే అప్పుడు పట్టా సంగతి చూడొచ్చు. మొదటి భాగంలో రాతపరీక్ష, మీరు ఆడి చూపించడం, క్లాసుకు నేర్పి చూపించడం ఉంటాయి. తర్వాతి భాగం మరింత అనుభవం వచ్చాక. నాకు వాటి వల్ల జరిగిన మేలు ఏమిటంటే, అప్పటిదాకా అలవాటుతో చేస్తున్నవాటికి కారణాలు తెలిశాయి. 1927లో మొదలైన సొసైటీ వారి సెయింట్ ఆండ్రూస్ వేసవి శిబిరానికి వీలైతే ఒక వారం వెళ్లండి. వేరే టీచర్లు ఎలా నేర్పుతారో రోజంతా చూడొచ్చు. పొద్దున క్లాసు, రాత్రి డాన్స్, మూడో రోజుకు మెట్లు దిగడం కష్టమవుతుంది, అది వేరే సంగతి.

మొదటి రాత్రి ప్లాన్ నా దగ్గరుంటే నేనైతే ఇలా రాసుకుంటాను: వార్మప్, డాషింగ్ వైట్ సార్జెంట్, అందరికీ తెలిసిన ఒక జిగ్ (రీల్ లాగే వేగంగా సాగే మరో రకం డాన్స్), కార్నర్ల ప్రాక్టీసు, 51స్ట్, టీ, మూడు తిరుగుళ్ల స్ట్రాత్‌స్పే, మళ్లీ ఒక జిగ్, చివర్లో వాళ్లనే అడిగి వాళ్లకు నచ్చింది. సమయం చాలకపోతే స్ట్రాత్‌స్పే తర్వాతి జిగ్ తీసేయండి, టీ మాత్రం తీసేయకండి. మ్యూజిక్ ఫోన్లో ఉంటే హాల్లో సిగ్నల్ ఉండదనుకుని ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. స్పీకరు తీగ ఒకటి స్పేర్ పెట్టుకోండి. నా మొదటి రాత్రి అదే తెగింది. ఆ పూట చివరి రెండు డాన్సులూ నేను నోటితో "డిడ్లీ డమ్" అంటుంటేనే ఆడారు.